కంప కింద వంక

శనివారం సాయంత్రం ఆళ్లగడ్డ దిక్కు కిందూరి రైతు పుల్లయ్య ఫోన్ చేసె. "సార్, మీరు కట్టించిన చెక్‌డ్యాం మా వంకను మింగేసింది. ఎల్లుండి గడ్డపారలు తీసుకోని పోతాండాం, పగలగొట్టేకి. చూడాలంటే రేపే వచ్చి చూసుకోండి."

నేను వర్క్ ఇన్‌స్పెక్టరుగా కట్టించిన డ్యాం అది. రిటైరైనాక కూడా ఈ మాటలు పడాల్నా? ఆదివారం పొద్దున ఆరున్నరకు కర్నూలులో బస్సెక్కితిని. కడుపులో కాఫీ కంటే కోపమే ఎక్కువుంది.

పాణ్యం దాటినాక రెండు పక్కలా శనగచేలు పచ్చగా ఉండాయి. పక్క సీట్లో చిల్లు బకెట్లకు మాట్లు వేసే సాయిబు ఉండె. "యాడికి పోతాండావన్నా?" అనె. చెక్‌డ్యాం చూసేకి అంటిని. "దాన్ని చూసేకి టికెట్టు కొన్న్యావా!" అని పకపకా నవ్వె.

ఎనిమిదిన్నరకు నంద్యాల. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ తింటిని. ఉగ్గాని బాగుంది, టీ మాత్రం ఉత్త వేడినీళ్లు. తొమ్మిదికి ఆళ్లగడ్డ బస్సు దొరికె. శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్లు అడ్డమొచ్చి కాస్త ఆలస్యమాయె. పదిన్నరకు దిగితే పుల్లయ్య మోటారుసైకిల్‌తో నిలబడుండాడు. నమస్తే పెట్టినాడు గానీ నవ్వలేదు.

నల్లమల కొండల కింద డ్యాం నిండుగా ఉంది. డ్యాం పక్కనుండే పైఊరి బావుల్లో నీళ్లన్నీ దాని పుణ్యమే. "పొర్లుతాంది కదప్పా! మీకు రాకపోతే నేనేం చేసేది?" అంటిని.

"కిందికి రాండి సార్."

వంక వెంబడి నడిస్తే, కొంత దూరానికే నీళ్లు సీమతుమ్మ కంపలో దూరి మాయమాయె. కంప దాటినాక ఉత్త ఇసుక. అక్కడ పుల్లయ్య తల్లి ఓబులమ్మ చెలమ తవ్వుతాంది. భుజం దాకా చెయ్యి పెట్టి తీసింది. పొడి ఇసుకే.

"ముందు మోచేతి లోతుకే నీళ్లు తగిలేటివప్పా. ఇంగో వారం తడి లేకుంటే మా మిరప పోయినట్టే."

దొరికింది సందు అనుకుంటిని. "నీళ్లు తాగేది ఆ కంపేనమ్మా! దాన్ని నరుక్కోకుండా డ్యాం మీద పడితే ఎట్ల?"

"కంప ముందూ మొలిచేది. యేటా వానలకు వంకలో పెద్దనీళ్లు వచ్చి మొలకలన్నీ పీక్కపోయేటివి. నువ్వు గోడ కట్టినాక పెద్దనీళ్లే ల్యా. ఇంగ పీకేదెవరు?"

ఆ పెద్దనీళ్లను వదిలేకే గోడ అడుగున తూము పెట్టింటిమి. బావుల్లో నీళ్లు నిలబడాలని పైఊరోళ్లు బతిమాలితే సిమెంటు పోయించి మూయించింది నేనే. కిందూరికి ఆ సంగతే తెలీదు. సిగ్గుతో తల కొట్టేసినట్టాయె.

"గోడ పగలగొట్టొద్దు పుల్లయ్యా," అంటిని. "అడుగున తూముంది. నేనే మూయించినా."

ఓబులమ్మ చేతికంటిన ఇసుక దులుపుకునె. "అంత కోపంగా వస్తివే, ఈ మాట యాడ దాచిపెట్టుకోని వస్తివప్పా?"

మధ్యాహ్నం గడ్డపారతో ఆ సిమెంటు కొడ్తాంటే పైఊరోళ్లు అరుస్తా వచ్చిరి. మూయమని అడిగింది మీరే కదా అని అందరి ముందర గుర్తుచేస్తే తొందరగానే చల్లబడిరి. ఇప్పటికి సగం నీళ్లు వదిలి తూముకు కొయ్యమొద్దు బిగించేటట్టు, వానాకాలంలో తెరిచే ఉంచేటట్టు ఒప్పుకునిరి. సిమెంటు ఊడేసరికి నీళ్లు దబదబా దూకె.

నాలుగున్నరకు ఆళ్లగడ్డలో బస్సెక్కి, నంద్యాలలో మారితిని. పాణ్యం దగ్గర పుల్లయ్య ఫోన్ వచ్చె. "సార్, నీళ్లు కంపలో దూరినాయి, ఇంగా బయటికి రాలా. పొద్దున గొడ్డళ్లు తీసుకోని పోతాండాం. దోవ చేస్తే మిరప నిలబడ్తాది."

మీరెవరైనా పోవాలనుకుంటే నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులకు కరువు లేదు. ఉగ్గాని నంద్యాలలోనే తినండి. డ్యాం నిండుగా, చూసేకి చక్కగా ఉంటుంది. అక్కడే ఆగిపోకుండా వంక వెంబడి కిందికి నడవండి. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను డ్యాం దాకా పోయి తిరిగొచ్చేటోణ్ణి.