తుత్తం నీళ్లూ, రెండు తుమ్ములూ

ఆ రోజుల్లో మా పల్లెకు ఎవరొచ్చి ఏం చెప్పబోయినా, మేం ముందు వాళ్ల కాళ్ల వంక చూసేవాళ్లం. బూట్లుంటే సర్కారు మనిషి, చెప్పులుంటే వ్యాపారి, వట్టి కాళ్లయితే మనలాంటివాడు. బూట్లాయన చెప్పింది వినాలి, చేయకూడదు. చెప్పులాయన చెప్పింది వినకూడదు. వట్టి కాళ్లవాడికి చెప్పడానికి ఏమీ ఉండదు. ఇదీ మా లోకజ్ఞానం. దాంతోనే పెరిగి, దాంతోనే మీసాలు మొలిపించుకున్నాం. (నేను అక్షరాలు నేర్చింది ఆ మీసాలు నెరిసినాక. రాతలో తప్పులుంటే సర్దుకోండి. మాటలో తప్పు లేదు.)

మాది జమ్మలమడుగు దాపున నల్లరేగడి పల్లె. జొన్నే మాకు తిండి, జొన్నచొప్పే ఎద్దులకు మేత. ఆ జొన్నకు కాటుక తెగులు పట్టేది. కంకి దూరం నుంచి నిండుగానే ఉంటుంది, నలిపి చూస్తే గింజకు బదులు నల్లటి పొడి. కళ్లంలో కంకులు తొక్కించేనాటికి ఎద్దులూ మేమూ ఒకే రంగుకొచ్చేవాళ్లం. రొట్టెలు కూడా అదే రంగు. మా నేల నలుపు కాబట్టి రొట్టె కూడా నలుపనుకుని తినేసేవాళ్లం. దీనికి మందుందని చెప్పడానికి వ్యవసాయ శాఖ వాళ్లు ఒకాయన్ని పంపించారు. కోస్తా వైపు సర్కారు జిల్లాల మనిషి. సన్నగా ఉంటాడు, గొలుసు గడియారం, నిగనిగలాడే బూట్లు. ఆయన చావడి దగ్గర నిలబడి, జేబులోంచి కాగితం తీసి, "బీజములను మైలతుత్తపు ద్రావకమున నిమజ్జనము గావింపవలెను" అంటూ చివరిదాకా తల ఎత్తకుండా చదివాడు. మేం కదలకుండా విన్నాం. అయిపోయాక మా మేనమామ లేచి, "శానా బాగుండాదప్పా. రాగం ఎత్తి పాడుంటే ఇంగా బాగుండు" అన్నాడు. బూట్లాయన పంచిన కాగితాలు మాత్రం బాగా పనికొచ్చాయి. పొగాకు చుట్టుకోవడానికి అంత పలచటి కాగితం మాకు అంతకుముందు దొరకలేదు.

పాపం, ఆయన అంతటితో వదల్లేదు. చెబితే వినరు, చూపిస్తే చూస్తారనుకున్నాడో ఏమో, "ఎవరైనా ఒక్క చేను ఇవ్వండి, నా చేతులతో చేసి చూపిస్తాను" అన్నాడు. అందరూ నేల చూపులు చూశారు. నేను లేచి నిలబడ్డాను. తెలివి ఉండి కాదు. ఎదురుగోడ పక్కన మామ కూతురు నీళ్ల కడవతో నిలబడి చూస్తోంది, అందుకు. ఆ పిల్ల నాదేనని ఊరంతా అనుకునేది గానీ, మామ నోటినుంచి మాట రాలేదు. ఆయన ఆ రోజు నోరు తెరిచాడు. "ఒరే, తుత్తమంటే ఎద్దుల పుండ్లకు పూసేది. దాండ్లో విత్తనం ముంచేవానికి నా బిడ్డనిచ్చేది లేదు, పో!"

"మొలిస్తే మామా?"

"మొలిస్తే కాదు. కాటుక లేకుండా పండితే, అప్పుడు మా ఇంటి అరుగు మీదికి రా, మాట్లాడదాం."

ఇంక వెనక్కి తగ్గడానికి లేదు. మా ఇంట్లో విత్తనం మా జేజి చేతిలో ఉండేది. (నాయిన తల్లి. నాయిన పోయినాక నన్నూ చేనునూ ఆమే సాకింది.) ఆమె గాదె దగ్గర కూర్చుని, "ఇది సచ్చిందంటే మళ్లా విత్తడానికి గింజ ల్యాదు, నీకు పెండ్లామూ ల్యాదు. రెండిటికీ కలిపి ఒకేసారి ఏడుస్తా" అంటూనే కొలిచిచ్చింది.

విత్తనం తడిపే రోజు ఊరంతా గట్టు మీదికి చేరింది. బూట్లాయన బురద అంటుతుందని బూట్లు విప్పి గట్టున పెట్టాడు. తుత్తం పొడి ఎగురుతుందని ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. కుండలో నీళ్లు నీలంగా కలిపి, జొన్నలు పోసి, ఎంతసేపు నానాలో చూసుకోవడానికి గడియారం తీసి చేతిలో పట్టుకున్నాడు. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. అప్పుడు తుమ్మాడు. ఒక్క తుమ్ము!

గట్టు మీద గుండెలన్నీ ఆగిపోయాయి. విత్తనం తడిపే వేళ ఒంటి తుమ్ము! మామ తొడ చరిచి, "అయిపాయ! ఇంగ ఆ చేన్లో గడ్డి గూడా మొల్చదు" అన్నాడు. మా జేజి బూట్లాయన ముందుకు పోయి చేతులు జోడించింది. "అప్పా, నీకు పున్నెముంటాది, ఇంగోటి తుమ్ము నాయినా!"

"రావడం లేదమ్మా, నేనేం చేయను?" అన్నాడాయన అయోమయంగా.

జేజి నడుముకు చెక్కుకున్న నశ్యం డబ్బీ తీసి, చిటికెడు పట్టి, ఆయన రుమాలు కిందికి లాగి ముక్కులో పెట్టింది. సర్కారు ఉద్యోగి రెండో తుమ్ము తుమ్మాడు, బోర్లా పడబోయి నిలదొక్కుకున్నాడు. ఊరంతా "హమ్మయ్య" అంది. మామ ఒక్కడే మొహం ముడుచుకున్నాడు.

చేను పండింది. ఒక్క కంకిలో కాటుక లేదు. జొన్నలు ముత్యాల్లాగా తెల్లగా ఉంటాయని నాకప్పుడే తెలిసింది. జేజి చేసిన తెల్లరొట్టె పట్టుకుని, పెండ్లికొడుకు నడకతో మామ అరుగెక్కాను. మామ రొట్టె తిన్నాడు. మీసం తుడుచుకున్నాడు. "తుత్తంలో ఏముందిరా? అంతా మూర్తం! ఆయప్ప గడియారం చూసి ముంచినాడు, సూడలే? కాళ్లకున్నవి ఇడ్సి, ముక్కుకు గుడ్డ గట్టి, సాములోరు పూజ జేసినట్ల జేసినాడు. తుమ్ముకు తుమ్ము జతబడింది. ఆ మూర్తం నా చేన్లో గూడా పలికితే, అప్పుడు పిల్లనిస్తా. తుత్తం మాత్రం తాకను." మాట అన్నాక మా మామ ప్రాణం పోయినా మార్చుకునే రకం కాదు.

మరుసటి ఏడు చూడాలి మా పల్లె తమాషా! రైతులంతా విత్తనం తడపడానికి దిగారు. ముక్కులకు తువ్వాళ్లు, గట్ల మీద నశ్యం డబ్బీలు. చెప్పులు విప్పాలి గదా, మరి విప్పడానికి ఎవరికీ చెప్పుల్లేవు! ఎక్కడిదో ఒక్క జత అరువు తెచ్చి, ఒకడు తొడుక్కుని గట్టు దాకా నడిచి విప్పడం, తర్వాత ఇంకొకడు తొడుక్కోవడం. మామ ఇంకో మెట్టు పైకెక్కాడు. మిషన్ బడి పంతులు ఇంట్లో ఉన్న బల్ల గడియారాన్ని బతిమాలి తెచ్చి, గంపలో పెట్టి, ఉత్సవ విగ్రహంలాగా నెత్తిన మోసుకొచ్చాడు. దారిలోనే అది ఆగిపోయింది. అయినా దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బూట్లాయన వచ్చి చూసి, మొదట భయపడ్డాడు, తర్వాత నా భుజం పట్టుకుని, "ఏం జరుగుతోందయ్యా ఇక్కడ?" అన్నాడు. "మీరు చూపించిందే చేస్తాండారు సార్" అన్నాను.

నాకు మాత్రం నవ్వు రాలేదు. మామ చేలో కాటుక వస్తే నా పెండ్లి గాలికి పోయినట్టే. తుత్తం లేకుండా ఎన్ని తుమ్మితే ఏం లాభం? ఇంతలో మామ కూతురు నీళ్లు నింపిన కుండ ఎత్తుకొచ్చింది. పాత మసికుండ, లోపలా బయటా నలుపే.

"ఆ మసికుండ యాడిదే? ఇంట్లో కొత్తది ఉండాది గదా" అన్నాడు మామ.

"దిష్టి తగలకుండా నాయినా. బావోళ్ల జేజే చెప్పింది."

మామ సంతోషపడిపోయాడు. జొన్నలు పోశాడు, ఆగిన గడియారం వంక భక్తిగా చూశాడు, నశ్యం పట్టి రెండు తుమ్ములు తుమ్మాడు. రెండో తుమ్ముకు ఆ పిల్ల నా వంక చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఎందుకో నాకర్థం కాలేదు.

మామ చేనూ పండింది, తెల్లగా. మాట ప్రకారం పిల్లనిచ్చాడు. పెండ్లయినాక అడిగితే ఆమె చెప్పింది. మా జేజి తుత్తం మూట కట్టి ఇస్తే, ఇంటి దగ్గరే మసికుండలో కలిపి తెచ్చిందట. నల్ల కుండలో నీలం రంగు ఎవడికి కనబడుతుంది? "మా నాయిన మాటా నిలబడింది, పైరూ నిలబడింది. నువ్వొక్కనివే గట్టు మీద ఏడుపు మొగం పెట్టుకోని నిలబడినావు" అని నవ్వింది.

ఈ సంగతి నేను బూట్లాయనకు చెబితే, ఆయన గట్టు మీద కూలబడి, కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇన్నేళ్లూ చావడిలో మగవాళ్లకు చదివి వినిపించానయ్యా. విత్తనం ఉన్నదేమో వంటింటి పక్క గాదెలో" అన్నాడు. ఆ మీదట ఏ పల్లెకు పోయినా ముందు బావి దగ్గరికి పోయి, బూట్లు విప్పి, ఆడవాళ్లతో మాట్లాడేవాడని విన్నాను. కాగితం జేబులోంచి తీసేవాడు కాదట. మా చుట్టుపక్కల కాటుక కంకి కనబడటం తగ్గిపోయింది. మామ మాత్రం పోయేదాకా విత్తనం ముందు రెండు తుమ్ములు తుమ్మాడు, ఆ ఘనత తన ముక్కుదేనని నమ్మాడు. మేమెవరం కాదనలేదు.

మొన్న మా మనవడు విత్తనానికి కలిపే మందు పొట్లం తెచ్చాడు. దాని మీద రాసిందంతా నేనే కూడబలుక్కుని చదివాను, ఒకటికి రెండుసార్లు. చెప్పులు విప్పమని ఎక్కడా రాసిలేదు. తుమ్మమని అసలే లేదు. చదువుకున్నవాణ్ణి గదా, మందు కలపబోయాను. ఎంతసేపటికీ చెయ్యి ముందుకు పోలేదు. చివరికి చెప్పులు విప్పి పక్కన పెట్టాను. ఎవరైనా చూశారేమోనని తిరిగి చూస్తే, గడప దగ్గర మా ముసలామె, మా జేజి నశ్యం డబ్బీ పట్టుకుని నిలబడి ఉంది.