సంతలో పట్టుకున్న చెయ్యి

వనపర్తిలో మానసిక దివ్యాంగుల బడిలో నేను టీచర్‌ని. కూరగాయలు కొనడం, బస్సెక్కడం, రోడ్డు దాటడం లాంటివి నేర్పుతాను. నా విద్యార్థుల్లో ఫర్జానాకు ఇరవై ఏళ్లు, మాటలు చాలా తక్కువ. ఒకరోజు ఆమెను కొత్తకోట సంతకు తీసుకెళ్లి, టమాటలు కొనుక్కు రమ్మని పంపి, దూరంగా నిలబడ్డాను.

తిరిగి వస్తూ ఫర్జానా రోడ్డు పక్కన ఒంటరిగా ఉన్న చిన్నపాపను చూసింది. చిన్నపిల్లల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాలని నేర్పింది నేనే. ఆమె అలాగే పట్టుకుంది. పాప భయపడి ఏడ్చింది.

"పిల్లనెత్తుకపోతుంది, పట్టుండ్రి" అని ఎవరో అరిచారు. నేను పరుగెత్తుకెళ్లేసరికే జనం చుట్టుముట్టారు.

"ఏ ఊరు నీది? మాట్లాడవేంది?" అంటూ ఒకాయన ఫర్జానా చెంపమీద కొట్టాడు. ఇంకొకరు జుట్టు పట్టి లాగారు. నేను మధ్యలో దూరి ఆమెను వాటేసుకున్నాను.

"నా స్టూడెంట్ అన్నా, కొట్టకుండ్రి. దానికేం తెల్వదు" అని బతిమాలాను. నా వీపు మీదా దెబ్బలు పడ్డాయి. బడి కార్డు చూపించాక ఒక్కొక్కరే జారుకున్నారు. ఫర్జానా పెదవి చిట్లి రక్తం కారుతోంది.

ఆ తర్వాత ఆమె బడికి రాలేదు. ఇంటికి వెళితే వాళ్లమ్మ నన్ను కోప్పడలేదు.

"మీరు మంచిగనే నేర్పిండ్రు మేడం. గంతమందికి ఏమని చెప్తరు? ఇంట్లుంటే పానంతోనన్న ఉంటది" అంది.

లేచి వచ్చేశాను. ఇప్పుడు సంతలో ప్రతి విద్యార్థి పక్కనే నడుస్తున్నాను. ఇలాగైతే వాళ్లు ఒంటరిగా వెళ్లడం ఎన్నడు నేర్చుకుంటారో నాకు తెలియదు.