ఆరుద్ర ఎట్లుండాది

మా అక్క హైస్కూల్లో లెక్కల టీచరు. ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర మా ఇంటి మిద్దెపైన, చలికాలం పొద్దుగూకినాక ఆమెది ఒకటే పని. ఆరుద్ర నక్షత్రం వెలుగు నిలకడగా ఉండదు, తగ్గతా పెరగతా ఉంటాది. దాన్ని పక్కనుండే రోహిణితో పోల్చి, ఈ పొద్దు ఎంతుండాదో చెప్తాది.

వెలుగును బట్టి చుక్కలకు తరగతులుంటాయంట. ఆరో తరగతి చుక్కంటే ఒకటో దానికన్నా గొప్పదేమో అనుకున్యా నేను. "ర్యాంకు మాదిరి మే. ఒకటోది బాగా వెలుగుతాది. ఆరోది మామూలు కంటికి ఆఖరు" అనింది నవ్వి.

మా వీధికి ఎదురుగా అపార్ట్‌మెంట్లు లేచినాయి. "నాలుగో తరగతి పోయింది మే" అనింది ఒక ఏడు. తర్వాత "మూడోది గూడా" అనింది. వాళ్ల లైట్లు పాడుగాను అని రోజూ తిట్టేదాన్ని. వాచ్‌మన్‌తో కొట్లాడి ఒక లైటు ఆర్పించినా గూడా. మెట్లు దిగేటప్పుడు అక్క తడబడితే, చెప్పులు మార్చమని గొణిగేదాన్ని.

పోయిన చలికాలం అత్తిబెలె దాటి ఒక పల్లెలో బంధువుల పెండ్లికి పోయినాం. చీకటి పడేవేళకు కరెంటు పోయింది. జనరేటరు వేసేలోపల తలెత్తి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. కృత్తికలు గుత్తిగా ఉండాయి.

"చూడక్కా, నీ నాలుగో తరగతి యాడికీ పోలేదు" అన్యా సంబరంగా.

అక్క చానాసేపు పైకే చూసింది. "మబ్బు పట్టింది గదా మే" అనింది.

ఒక్క మబ్బు లేదు. ఆమె చెయ్యి పట్టుకున్యా.

అక్క కంటి లోపలి పొర మెల్లగా చచ్చిపోతా ఉండాదని, దానికి మందు లేదని డాక్టరు చెప్పినాడు. ఇన్నేండ్లూ మేము ఊరి లైట్లను తిడతా కూచున్యాం.

ఇప్పుడు అక్కకు ఒకటో తరగతి గూడా ఆనదు. అయినా మిద్దెక్కుతాది, నా భుజం పట్టుకుని. "ఆరుద్ర ఎట్లుండాది?" అంటాది. రోహిణితో పోల్చి నేను చెప్తా. నాకు ఏడుపొస్తాది, మింగేస్తా.

మొన్న అడిగింది, "నీకు ఏ తరగతి దాకా కనపడతాండాది?"

"ఒకటే అక్కా. లైట్లు ఎక్కువైనాయి."

"నా కోసం చుక్కల్ని ఆర్పద్దు మే. సరిగ్గా చూసి చెప్పు."

కొంగుతో కండ్లు తుడుచుకుని మళ్లీ చూసినా. "మూడోవి గూడా ఉండాయక్కా" అన్యా.

"అట్ల చెప్పు" అనింది, రోహిణి లేని దిక్కుకు మొగం పెట్టుకుని.