ఎర్ర మాత్ర, పాడి బర్రె

తొంభైలలో నర్సింగ్ పూర్తిచేసి, గుంటూరు నుంచి వచ్చి శంషాబాద్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. ఏ మందు ఏ అవయవం మీద ఎలా పనిచేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. చెప్పాల్సినవాళ్లకు చెప్పడమే మర్చిపోయేదాన్ని.

కందుకూరు వైపు నుంచి యాభై ఏళ్ల రైతు ఒకాయన దగ్గుతో వచ్చాడు. డాక్టరుగారు పరీక్షలు చేయించి, టీబీ అని తేల్చి, ఆరు నెలలకు మందులు రాశారు. రోజూ పరగడుపున వేసుకోవాలనీ, మధ్యలో మానకూడదనీ మూడుసార్లు చెప్పి పంపాను. అందులో ఒక మాత్రకు మూత్రం ఎర్రగా వస్తుందన్న మాట మాత్రం చెప్పలేదు.

మూడో రోజుకే ఆయన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, నా బల్ల మీద ఎర్రటి మూత్రం ఉన్న సీసా పెట్టాడు.

“రక్తం పోతున్నది సిస్టరమ్మా. ఇగ నేను బతక.”

“బస్సుల పక్కకు కూసున్నామె, దూపైతుంది, జర గా షర్బత్ ఇయ్యి అని అడిగింది” అన్నాడు తమ్ముడు.

“ఇచ్చారా?” కుర్చీలోంచి లేచాను.

“ఇయ్యలే.”

మళ్లీ కూర్చున్నాను. “అది రక్తం కాదండీ, మాత్ర రంగు. ముందే చెప్పకపోవడం నా తప్పు” అన్నాను. డాక్టరుగారు కూడా చూసి అదే మాట చెప్పారు.

“అయితే మా అన్న బతుకుతడా?” అన్నాడు తమ్ముడు.

“నిక్షేపంగా.”

వెంటనే అన్న తమ్ముడి వైపు తిరిగాడు. “అయితే నా బర్రె నాకియ్యి.”

అసలు సంగతి అప్పుడు తెలిసింది. పొలం గట్టు తగాదాతో ఇద్దరికీ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. ఎర్రరంగు చూసి ఇవే చివరి రోజులనుకున్న అన్న, ముందురోజు తమ్ముణ్ణి పిలిపించి, పట్టుకుని ఏడ్చి, పాడి బర్రెను ఇచ్చేశాడు.

“సస్తున్న అని ఇచ్చినవ్. సావకపోతే నేనేం జేయాలె?”

“నువ్వే చెప్పు సిస్టరమ్మా, గిది న్యాయమేనా?” అని అన్న నన్నడిగాడు.

బర్రెల పంపకం మా పాఠాల్లో లేదు. రోగి బరువు పెరగాలి, బర్రె చాకిరీ చేయకూడదు కాబట్టి బర్రె తమ్ముడి దగ్గరే ఉండాలనీ, రోజూ పొద్దున వెళ్లి అన్న మాత్ర వేసుకున్నాడని చూసి, గంటాగి పాలు పోయాలనీ తీర్పు చెప్పాను. ఇద్దరూ గొణుక్కుంటూ ఒప్పుకున్నారు.

ఆ తర్వాత ఒక్క మాత్ర తప్పలేదు. నెలనెలా వచ్చినప్పుడు, పాలు పలచగా ఉన్నాయని ఫిర్యాదు చేశాకే అన్న బరువు చూసే మిషను ఎక్కేవాడు.

ఆఖరి పరీక్షలో జబ్బు పోయిందని చెప్పగానే తమ్ముడు ఏడ్చేశాడు. “ఇగ బర్రెను తోల్కపో అన్నా” అన్నాడు.

అన్న తల అడ్డంగా ఊపాడు. “ఉండనియ్యి. పాలు మాత్రం తెస్తనే ఉండు.”