కామెర్లని చెప్పుకున్న జబ్బు

మా ఆవిడ పోయి కొన్ని నెలలైంది. పక్కింట్లో తిరగమోత వాసన వచ్చినా చాలు, నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అది చూసి మా పెద్దవాడు కంగారుపడి, "నాయనా, ఇది డిప్రెషన్ మాదిరి ఉండాది, డాక్టరుకు చూపిద్దాం పా" అని పోయిన వారం కర్నూలుకు కారెక్కించాడు. ఇది అది కాదురా అని దారి పొడవునా చెప్పాలనుకున్నాను. అదెట్లా ఉంటుందో నాకు తెలుసు, కానీ తెలుసని చెప్పాలంటే నలభై ఏళ్ళుగా దాచిన సంగతి బయటపెట్టాలి.

నా ఈడు వాళ్ళకైతే అర్థమవుతుందని మీతో చెబుతున్నాను. అప్పట్లో మాకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉండేది. నన్ను పెంచిన అవ్వ పోయినప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాను, అయినా ఆకలైతే తిన్నాను, ఎవరైనా ఆమె చాదస్తాలు తలచుకుంటే ఏడుస్తూనే నవ్వాను, కర్మలు కాగానే అంగట్లో కూర్చుని చీరలు విప్పి చూపించాను. ఆ మరుసటి ఏడు వానలు బాగా పడి, గిరాకీతో అంగడి కళకళలాడుతుంటే, కొత్తగా పెళ్ళయిన నేను ఏ కారణమూ లేకుండా కుంగిపోయాను. తెల్లవారకముందే మెలకువ వచ్చేది, మంచం దిగబుద్ధయ్యేది కాదు, జొన్నరొట్టె నోట్లో పీచులా తిరిగేది, ఏడుద్దామన్నా ఏడుపు వచ్చేది కాదు. అన్నీ ఉండి నీకేం తక్కువని అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఆ సిగ్గుతో ఎవరి మొహమూ చూడలేకపోయేవాణ్ణి.

జవాబు మా అమ్మ కనిపెట్టింది. పిచ్చి అంటారేమోనన్న భయంతో, వచ్చిన వాళ్ళందరికీ "పిల్లోనికి కామెర్లు" అని చెప్పేసింది. ఇక నా అవస్థ చూడండి, లేని కామెర్లకు పసరు తాగాను, ఉప్పూ నూనే లేని చప్పిడి కూడు తిన్నాను. బజారు వాళ్ళంతా పరామర్శకు వచ్చి, నా రెప్పలు కిందికి లాగి చూసి, "శానా తగ్గిందప్పా, కండ్లు తెల్లగా ఉండాయి" అని సంతోషపడి పోయేవాళ్ళు. వాళ్ళ మంచితనానికి నాకు తల కొట్టేసినట్టుండేది. మా ఆవిడ ఒక్కతే నాతోపాటు ఆ చప్పిడి కూడు తింది. ఒకనాడు మెల్లగా, "మీకు బతకాలని లేదా?" అని అడిగింది. లేదన్నాను. మర్నాడే మా నాయనకు ఎదురు నిలిచి మాట్లాడి, నన్ను కర్నూలు పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఇదీ జబ్బేనని, తగ్గుతుందని ఆయన మాత్రలు రాసిచ్చాడు. మెల్లమెల్లగా నిద్ర పట్టింది, రొట్టెకు రుచి వచ్చింది. ఊళ్ళో పేరు మాత్రం పసరు మందుకు దక్కింది.

పోయిన వారం చూసిన డాక్టరమ్మ చిన్నపిల్ల. తింటున్నారా, నిద్ర పడుతోందా, ఎప్పుడైనా నవ్వొస్తోందా అని ఓపికగా అడిగింది. మనవడు వాళ్ళ జేజి, అదే మా ఆవిడ, తిట్టినట్టు తిట్టి చూపిస్తే నవ్వొస్తుందని చెప్పాను. ఇది ఆమె లేని బాధేనని, తిండీ నిద్రా తప్పితే మాత్రం వెంటనే రమ్మని చెప్పి, మునుపెప్పుడైనా మనసుకు వైద్యం చేయించుకున్నారా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మావాడు, "అట్లాంటిదేం లేదు మేడం, మా నాయన గట్టి మనిషి. వయసులో ఒకసారి కామెర్లు వచ్చినాయంట, అంతే" అన్నాడు. నేను అవునని తలూపాను.

బయట వరండాలో కాలేజీ పిల్లలు తమ పేరు పిలవగానే బెరుకు లేకుండా లేచి లోపలికి పోతున్నారు. ఒక అమ్మాయి తాను ఏ డాక్టరు దగ్గరున్నదీ ఫోనులో స్నేహితురాలికి గట్టిగానే చెబుతోంది. మన రోజుల్లో జబ్బు ఉండేది, దాని పేరు పలికే ధైర్యం ఉండేది కాదు. ఆ పిల్లలను చూస్తే ముచ్చటేసింది, నన్ను చూసుకుంటే సిగ్గేసింది. తిరుగుదారిలో మళ్ళీ ఏడుపొచ్చింది. అమ్మ గుర్తొచ్చిందా అని మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు. గుర్తొచ్చిన మాట నిజమే. నాకు వచ్చింది కామెర్లు కాదని తెలిసిన మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు.