సాంచెల ఇంటికి వచ్చిన టీచర్

జూన్‌లో బడి తెరిచిన వారం పది రోజులకు యూనిఫాం బట్ట కట్టలు దిగుతాయి. జగిత్యాలలోని మా స్టాఫ్ రూమ్ సగం వాటితోనే నిండిపోతుంది. ఈ ఏడు ఆ కట్టలు విప్పి తరగతివారీగా వేరు చేసే పని నా నెత్తిన పడింది. మొదటి కట్ట తాడు కోయగానే కొత్త బట్ట గంజి వాసన గుప్పుమంది. పక్కనున్న లెక్కల సారు తుమ్మి దూరం జరిగారు. నేను మాత్రం ఆ బట్టను ముఖానికి దగ్గరగా పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. ఆ వాసన తగిలితే చాలు, నాకు వసుంధర టీచర్ గుర్తుకు వస్తారు. ఆమె మా గడపలో నిలబడి గొంతు చించుకుని అరిచిన మధ్యాహ్నం గుర్తుకు వస్తుంది.

మాది సిరిసిల్ల. ఇంట్లో నాలుగు సాంచెలు ఉండేవి. మరమగ్గాలను మా దగ్గర సాంచెలు అంటారు. ముందు గదిలో సాంచెలు, వెనక గదిలో మేము, మధ్యలో తలుపుకు బదులు ఒక పాత చీర. మా నాన్నను నేను బాపు అని పిలిచేదాన్ని. బాపు పొద్దున సాంచెలు నడపడం మొదలుపెడితే ఆ మోతలో ఇక ఇంట్లో మాట అంటే అరుపే. అన్నం పెట్టమన్నా అరవాలి, ముద్దు చేసినా అరవాలి. గుట్టుగా చెప్పాల్సింది ఏదైనా ఉంటే అమ్మ కళ్ళతో చెప్పేది, లేదంటే చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కుపోయేది. కరెంటు పోయి సాంచెలు ఆగినా మా గొంతులు తగ్గేవి కావు. పెళ్ళిళ్ళలో మమ్మల్ని చూసి చుట్టాలు "సిరిసిల్లోళ్ళు కొట్లాడుకుంటున్నరు" అని నవ్వేవారు. మేము అప్పుడు పప్పు బాగుందని చెప్పుకుంటూ ఉండేవాళ్ళం.

నేను ఎనిమిదో తరగతిలోకి వచ్చిన జూన్‌లో వసుంధర టీచర్ కోరుట్ల నుంచి బదిలీ మీద మా హైస్కూలుకు వచ్చారు. సాంఘికశాస్త్రం చెప్పేవారు, మా క్లాస్ టీచర్ కూడా ఆమే. సన్నటి మనిషి, ఇస్త్రీ చెడని నూలు చీర, చాలా మెల్లని మాట. అంతకుముందు పదేళ్ళు కోరుట్ల చుట్టుపక్కల పసుపు, వరి పండించే ఇళ్ళ పిల్లలకు చదువు చెప్పారు. మొదటి రోజే గోడకు ఒక చార్టు అంటించారు. ఈ ఏడాది మన తరగతి ఎలా ఉండాలో అందులో ఆరు వాక్యాలు రాశారు. మొదటిది, పెద్దలతో నెమ్మదిగా మాట్లాడాలి అని. తర్వాత ఒక్కొక్కరినీ లేపి పేరు, వాడ చెప్పమన్నారు. నా వంతు రాగానే లేచి ఇంట్లో చెప్పినట్టే చెప్పాను. కిటికీ మీది పిచ్చుక ఎగిరిపోయిందని నా స్నేహితులు తర్వాత అనేవారు గానీ అది అబద్ధం.

"ఎవల మీద అరుస్తున్నవ్?" అన్నారు టీచర్.

"అరుస్తలేను టీచర్, పేరు చెప్తున్న" అన్నాను, ఇంకా గట్టిగా.

క్లాసంతా నవ్వింది. ఆమె ముఖం ఎర్రబడింది. నన్ను బయట నిలబెట్టారు. ఆ వారంలో ఇంకో రెండుసార్లు అదే జరిగింది. తరగతిలో నేతపని ఇళ్ళ పిల్లలు చాలామందే ఉన్నారు గానీ వాళ్ళ బాపులు కార్ఖానాకు పోయి నేసేవారు. సాంచెల పక్కనే పడుకుని లేచేది నేనొక్కదాన్నే. మూడోసారి టీచర్ "మీ ఇంట్ల పెద్దోళ్ళతోని గూడ గిట్లనే మాట్లాడుతవా?" అని అడిగారు. "అవును టీచర్" అన్నాను. అది నిజం. ఆమె పొగరు అనుకున్నారు.

ఆ రోజు నుంచి నోరు మూసుకున్నాను. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేదాన్ని, జవాబు తెలిసినా తల దించుకునేదాన్ని. ఇంట్లో వెనక గదిలో కూర్చుని మెల్లగా మాట్లాడడం నేర్చుకోబోయాను. ఎంత మెల్లగా మాట్లాడితే సరిపోతుందో నాకు ఎలా తెలుస్తుంది? ఆ మోతలో నా మాట నాకే వినపడదు. పది రోజులకు అమ్మతో "నేను బడికి పోను" అన్నాను. అమ్మ ఎందుకని అడగలేదు. సాంచెలకు నూలు కండెలు చుట్టి ఇచ్చే మనిషి దొరక్క ఆమె అప్పటికే సతమతమవుతోంది. "మంచిది, కూసో" అని కండెల మిషన్ ముందు జాగా చూపించింది. నాకు పదమూడేళ్ళు. మా వాడలో అలా కూర్చున్న ఆడపిల్ల మళ్ళీ లేచి బడికి పోవడం నేను చూడలేదు. ఆ సంగతి తెలిసే కూర్చున్నాను.

కండెల ముందు కూర్చున్న ఎనిమిదో రోజు మధ్యాహ్నం టీచర్ మా గడపలో నిలబడి ఉన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె ఏదో అన్నారు. పెదవులు కదిలాయి గానీ మాట మా దాకా రాలేదు.

"ఏమంటున్నరు టీచరమ్మా?" అని అమ్మ అరిచింది.

టీచర్ మళ్ళీ అన్నారు. అమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఇంకోసారి అన్నారు. చివరికి మెడ నరాలు తేలేలా "మంజుల బడికి ఎందుకు అస్తలేదు?" అని అరిచారు. అరిచి, అక్కడే ఆగిపోయారు. ముందు సాంచెల వైపు, తర్వాత బాపు వైపు, ఆ తర్వాత కండెల బుట్ట ముందున్న నా వైపు చూశారు. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

బాపు నాలుగు సాంచెలూ ఆపాడు. కరెంటు ఉండగా పట్టపగలు ఆయన సాంచెలు ఆపడం ఎవరైనా పోయినప్పుడు తప్ప నేను ఎరగను. సాంచెలు ఆగినా ఆయన గొంతు తగ్గలేదు. "మా బిడ్డ ఏం తప్పు జేసింది టీచరమ్మా?" అన్నాడు.

"తప్పు మీ బిడ్డది కాదు, నాది" అన్నారామె. "పొగరుతోని అరుస్తున్నదనుకొని మూడుసార్లు బయట నిలవెట్టిన. తెలువక చేసిన."

"గట్లనకుండ్రి. చాయ్ తాగుండ్రి" అన్నాడు బాపు. ఏమీ తోచనప్పుడు ఆయన చాయ్ తాగమనేవాడు. టీచర్ చాయ్ తాగారు. తర్వాత "మీరు సాంచెలు నడుపుకోండ్రి, నేను జెరసేపు కూసుంట" అని నా పక్కన నేల మీద కూర్చున్నారు. గంటసేపు ఆ మోతలో కూర్చున్నారు. రెండుసార్లు చెవులు మూసుకోబోయి చేతులు దించుకోవడం చూశాను. పోయేటప్పుడు నన్ను వాకిట్లోకి పిలిచి "రేపు అస్తవా?" అని అడిగారు. తల ఊపాను.

"నోటితోని చెప్పు."

"అస్త టీచర్" అన్నాను. ఎదురింటివాళ్ళు బయటికి వచ్చి చూశారు.

అమ్మ ఆ సాయంత్రమంతా మూతి ముడుచుకుంది. కండెల ముందు మళ్ళీ ఆమే కూర్చోవలసి వచ్చింది మరి. అందుకు ఆమెను తప్పుపట్టను.

మర్నాడు టీచర్ పుస్తకం తెరవలేదు. బల్ల ముందు నిలబడి "నేను మంజులను తప్పుగ అనుకున్న. వాళ్ళ ఇల్లు సూడకుండనే దండించిన. మీ అందరి ముందు దండించిన కాబట్టి మీ అందరి ముందే చెప్తున్న" అన్నారు. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకుంటారని నాకు అంతవరకు తెలియదు. ఏడుపు వచ్చింది, అది కూడా గట్టిగానే వచ్చింది. ఆమె చార్టులో మొదటి వాక్యం కొట్టేసి, దాని బదులు ఏం రాయాలో మమ్మల్నే అడిగారు. అరగంట వాదులాడుకున్నాక, ఒకరి మాట అయ్యేదాకా ఇంకొకరు ఆగాలి అని రాయించాం. గొంతు తగ్గించడం కంటే అదే నాకు కష్టమని తర్వాత తెలిసింది.

ఇదంతా విని ఆమెను మెత్తని మనిషి అనుకోవద్దు. నెల తిరక్కముందే, పటం గీసుకు రాలేదని నాకు చీవాట్లు పెట్టారు. "ఆ మోతల చదువుడు కష్టమే, నాకెరుకే. పటం గీసేటందుకు చెవులతోని పనేంది?" అన్నారు. బడి వదిలాక గంటసేపు తరగతి గది తెరిచి ఉంచమని అటెండరుకు చెప్పింది ఆమే. ఆ గంటలో నేను కబుర్లు చెబుతుంటే కసిరింది కూడా ఆమే. పిల్ల ఇబ్బంది తెలిసిందని ఆ పిల్ల నుంచి ఏమీ ఆశించకపోతే అదీ ఒక అవమానమే అన్నట్టుగా ఉండేది ఆమె తీరు. ఈ మాట ఆమె ఎన్నడూ అనలేదు, నాకు అలా అర్థమైంది. ఆ తర్వాత రెండేళ్ళూ బడి తెరిచిన మొదటి వారమంతా ఆమె సాయంత్రాలు పిల్లల ఇళ్ళు తిరిగారు. చార్టు అంటించింది ఆ తర్వాతే.

నేనూ టీచర్‌నయ్యాను. జగిత్యాలకు వచ్చి ఆరేళ్ళయింది. వసుంధర టీచర్ దగ్గర చదువుకున్నదాన్ని, నేను అలాంటి పొరపాటు చెయ్యనులే అనే ధీమా ఉండేది. ఆ ధీమాతోనే నిరుడు పప్పులో కాలేశాను.

బడి తెరిచిన కొత్తలోనే, ప్రతి సోమవారం మొదటి పీరియడ్‌లో చిన్న పరీక్ష పెడతానని పిల్లలకు చెప్పాను. కొడిమ్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చే అనూష వరుసగా మూడు సోమవారాలు పరీక్ష అయిపోయాకే వచ్చింది. మిగతా రోజులన్నీ వేళకే వచ్చేది. "పరీక్ష ఉన్ననాడే నీకు బస్సు దొరుకదా?" అన్నాను, క్లాసంతా వినేలా.

"దొరుకది టీచర్" అంది.

"అబద్ధాలు చెప్పకు" అన్నాను. నాలుగో సోమవారం అనూష అసలు రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం ఆమె పక్కన కూర్చునే పిల్ల "బడి బందు పెడుతదట టీచర్" అని చెప్పింది.

తర్వాతి సోమవారం ఒక పూట సెలవు పెట్టి, పొద్దున్నే స్కూటీ మీద వాళ్ళ ఊరు పోయాను. అనూషను పుస్తకాలతో సహా ఇంట్లోంచి పిలుచుకుని వచ్చి, ఇద్దరం బస్సు స్టేజీలో నిలబడ్డాం. వేములవాడ శివుడి గుడిలో దర్శనం చేసుకుని తిరిగొచ్చే జనంతో కిక్కిరిసిన బస్సు మా ముందు నుంచి ఆగకుండా పోయింది. రెండోదీ అలాగే పోయింది. "సోమారం గిట్లనే ఉంటది టీచర్" అంది అనూష, తప్పు తనదే అయినట్టు. వేములవాడ రాజన్న దగ్గరికి సోమవారం ఎంత జనం పోతారో ఆ పక్కనే సిరిసిల్లలో పుట్టిన నాకు ఒకరు చెప్పాలా? సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమెను స్కూటీ ఎక్కించుకుని జగిత్యాలకు బయలుదేరాను. "పరీక్ష ఇగ బుధవారం పెడుత. పోయినయన్ని గూడ రాయాలె" అన్నాను. "రాస్త టీచర్" అంది. నా తప్పు కూడా ఆ దారిలోనే ఒప్పుకుని చేతులు దులుపుకుందామా అనిపించింది. ఎవరూ వినరు, పని అయిపోతుంది. కానీ ఆ పిల్లను అబద్ధాలకోరును చేసింది నేను దారిలో కాదు.

తరగతిలో అనూష తన చోట తల దించుకుని కూర్చుంది. నేను బల్ల ముందు నిలబడ్డాను. వసుంధర టీచర్ ఆ రోజు ఎంత సులువుగా చెప్పారో అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. సులువు కాదని అక్కడ నిలబడితే గానీ తెలియలేదు. "అనూష అబద్ధం చెప్పలేదు. నేనే..." అని మొదలుపెట్టాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు గొంతు లేవలేదు.

"టీచర్, ఇనవడ్తలేదు" అంది వెనక బెంచీలో ఒక పిల్ల.

అనూష తల ఎత్తి నన్ను చూసింది. నేను గొంతు సవరించుకుని, పక్క గదిలోకి కూడా వినపడేలా, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.