గంగ ఒడ్డున ఆగిన రాజకొడుకు

మొన్న ఉట్నూర్‌లో మా బిడ్డ ఇంటికి పోయి జీపులో తిరిగి వస్తుంటే, నా కాళ్ల దగ్గరున్న బీడీల తునికాకు మూట మీద ఎవరిదో సీసా ఒరిగి నీళ్లు పారాయి. మూట గలామె "అయ్యో, నానిపాయె" అని మొత్తుకుంటోంది. నేను మాత్రం కండ్లు మూసుకొని వాసన పీల్చుకుంటూ కూచున్నాను. ఎండిన తునికాకు వాసన వేరు, నానిన ఆకు వాసన వేరు. నానిన ఆకుది మా చిన్నవ్వ వాసన.

రూతమ్మ చిన్నవ్వ మా అవ్వకు, అంటే అమ్మకు, చెల్లె. పెండ్లయిన రెండేండ్లకు ఆమె పెనిమిటి, మా చిన్నాయన, పనికని బొంబాయి పోయాడు. కొన్నాళ్లు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత అవీ ఆగాయి. ఆమె బట్టల సంచీతో మా ఇంటికి వచ్చి, బీడీలు చుట్టుకుంటూ ఉండిపోయింది. ఆదివారం పొద్దున మేమంతా తలలకు నూనె రాసుకొని చర్చికి బయలుదేరితే, ఆమె చాట ఒళ్లో పెట్టుకొని కూచునేది.

"రారాదే" అనేది అవ్వ.

"నాలుగేండ్లు అడిగిన. అడిగిందే అడుగుతుంటే దేవునికి ఇసుగు రాదా? మీరు పోండ్రి."

వానాకాలం మధ్యాహ్నాలు, చూరు నీళ్లు ధారగా పడుతుంటే, పొయ్యి దగ్గర అవ్వ కాల్చిన మక్క కంకుల పొగ అర్రంతా నిండుతుంటే, అచ్చెనగండ్ల ఆట విడిచి మేము చిన్నవ్వ చుట్టూ చేరేవాళ్లం. ఆమె తడిగుడ్డలోంచి ఒక్కొక్క ఆకు తీసి కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, చేతులు చూడకుండానే కథ చెప్పేది. ఎన్ని కథలు వచ్చినా మాకు కావాల్సింది ఒక్కటే.

ఒక రాజకొడుకు. వానికొక రెక్కల గుర్రం. వాడు మనసిచ్చిన పిల్ల గంగకు అవతల ఉంటుంది. మా దిక్కు గోదావరిని గంగ అంటాం.

"రెక్కల గుర్రం ఉండంగ పడవెందుకు?" అని మా తమ్ముడు ప్రతిసారీ అడిగేవాడు.

"వానకు రెక్కలు నానినయిరా, గీ ఆకు లెక్క. నడుమల మాట్లాడకు."

పడవాయన పైసలు అడగడు. "నీ నమ్మకం ఇయ్యి, దాటిస్త" అంటాడు. రాజకొడుకు తన నమ్మకాన్ని కొంగులో ముడి విప్పినట్టు విప్పి ఇచ్చేస్తాడు. అవతలి ఒడ్డున పిల్ల నిలబడే ఉంటుంది. కానీ వాడు ఆమెను ఎగాదిగా చూసి, "నువ్వు ఆమెవేనా?" అంటాడు. ఎంత చెప్పినా నమ్మలేడు. పోయిన నమ్మకం కోసం మళ్లీ ఒడ్డుకు వస్తాడు. పడవ ఉండదు.

అక్కడ ఆగేది చిన్నవ్వ.

"పడవాయన దొరికిండా చిన్నవ్వా?"

"ఇంకా దొరకలే."

కథకు ఆమె పెట్టిన కట్టడి ఒకటుంది. వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే రాజకొడుకు ఉన్నచోటే నిలబడిపోతాడు, పాపం వానలో తడుస్తాడు. అందుకని నోట్లో మక్క గింజలున్నా ఊ కొట్టేదాన్ని.

ఒకరోజు వాన ఇంకా వెలవలేదు. వాకిట్లోకి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. చేతిలో రెగ్జిన్ సంచీ, సగం నెరిసిన జుట్టు, నిలువునా తడిసిన బట్టలు. చిన్నవ్వ ఒక్కసారి తలెత్తింది. కత్తెర ఆగింది. మళ్లీ ఆకు మీద నడిచింది.

"ఊ కొట్టవేందే?" అంది నాతో.

నేను ఆయననే చూస్తూ ఊ మరిచిపోయాను.

"ఊ" అన్నాడు ఆయన, వానలోంచి.

చిన్నవ్వ తల ఎత్తకుండానే చెప్పింది. "రాజకొడుకు ఒడ్డుకు వచ్చిండు."

"ఊ."

"గా పొద్దు పడవాయన దొరికిండు. నా నమ్మకం నాకియ్యి అన్నడు రాజకొడుకు."

"ఊ."

"నేనేడ దాస్త? గప్పుడే నీళ్లల్ల పడ్డది, నువ్వే దేవులాడుకో, అన్నడు పడవాయన."

ఈసారి ఊ రాలేదు. ఆయన భుజాలు కదులుతున్నాయి. అవ్వ లోపలి నుంచి వచ్చి "ఓ దేవా" అని గడప మీదే ఆగిపోయింది.

"తువ్వాల ఇయ్యి అక్కా, తడిసిండు" అంది చిన్నవ్వ.

రాజకొడుకంటే మగపిల్లాడే అని మేము అన్నాళ్లూ అనుకున్నాం.

చిన్నాయన ఉండిపోయాడు. అయినా చిన్నవ్వ తెల్లవారగానే మొఖమన్నా కడగకుండా తలుపు దగ్గరికి పోయి, ఆయన చెప్పులున్నాయా అని చూసుకునేది. ఆ సంగతి ఆయనకు తెలిసింది. అప్పటి నుంచి చెప్పులు కదిలించలేదు. చెలకకు పోయినా, దుకాణానికి పోయినా ఉత్త కాళ్లే. తుమ్మ ముండ్లు గుచ్చుకొని కుంటుతూ వచ్చి, గడప మీద కూచొని పిన్నీసుతో తీసుకునేవాడు. చెప్పులు మాత్రం ఎండకు వంకర తిరుగుతూ అక్కడే ఉండేవి. ఊళ్లోవాళ్లు "బొంబాయిల చెప్పులు తొడుగుడు మరిచిండు" అని నవ్వేవాళ్లు.

క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం. ఇంట్లో సకినాలు ఆరేసిన బట్ట నుంచి నువ్వుల వాసన వస్తోంది. మేము చర్చికి బయలుదేరుతుంటే చిన్నవ్వ ఇస్త్రీ చీర కట్టుకొని బయటికి వచ్చింది. చిన్నాయన ఎప్పటిలాగే ఉత్త కాళ్లతో మా వెనక నిలబడ్డాడు.

"గా చెప్పులు తొడుక్కోరాదు?" అంది ఆమె. "ముండ్లు గుచ్చుకొని నాకెందుకు పరేషాన్?"

ఆయన గబగబా తొడుక్కున్నాడు. అవి బిరుసెక్కి కాళ్లను కరిచాయి కావొచ్చు, దారంతా కుంటుతూనే నడిచాడు. చిన్నవ్వ ముందు నడిచింది. వెనక్కి తిరిగి ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ తర్వాత రాజకొడుకు కథ చెప్పమని ఎంత బతిమాలినా చెప్పలేదు. "అయిపాయె కదనే" అనేది. వాళ్లిద్దరు బాగున్నారని సంతోషపడాల్సింది పోయి, కథ పోయిందని నేను ఏడ్చాను.

ఇప్పుడు ఇద్దరూ లేరు. మా ఇంటి చుట్టుపక్కల బీడీల చాట పట్టేవాళ్లూ లేరు, ఊ కొట్టేవాళ్లూ లేరు. ఇదంతా తలచుకుంటుంటే మూట గలామె "ఏందక్కా, మొఖం గట్లయింది?" అంది. జీపు గంగ దగ్గరికి వస్తోంది. నేను కథ ఎత్తుకున్నాను. ఆమె తడిసిన మూట సర్దుకుంటూనే, ఎన్నాళ్లకో, "ఊ" అంది.

వంతెన ఎక్కాం. కింద ఇసుక, సన్నటి నీటిపాయ. ఒక్క పడవ లేదు.

"మరి గా నమ్మకం దొరికిందా?" అంది ఆమె.

"దొరికింది బిడ్డా" అన్నాను. ఎట్లా దొరికిందో, చెప్పుల సంగతి ఎత్తుకునేలోపలే వంతెన అయిపోయింది, ఆమె దిగే చోటు వచ్చింది.